మహారాణి చెంప మీది ముద్ర

మా అమ్మాయి పోయాక దాని గదిని మా వదిన శుభ్రం చేసింది. వదిన మా ఆయనకు అక్క. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేలోపే చీపురెక్కడుందని అడిగే మనిషి. బీరువా తలుపులు, కిటికీ అద్దాలు, స్విచ్‌బోర్డు, గోడకున్న నిలువుటద్దం అన్నిటినీ తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచింది. బట్టలు ఉతికి, మడిచి, సంచుల్లో సర్ది ఇవ్వాల్సిన వాళ్లకు ఇచ్చేసింది. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు కూడా తీసేసింది.

"ఏడవడానికైనా ఇల్లు శుభ్రంగా ఉండాలమ్మా," అంది. "నీకిప్పుడు చేతులాడవని నాకు తెలుసు. నువ్వలా కూర్చో."

నేను అలా కూర్చున్నాను. నిలువుటద్దం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం వద్దనబోయాను. జడ వేసుకుంటూ ముందుకు వంగినప్పుడల్లా అమ్మాయి ఎడమచెయ్యి అద్దానికి ఆనించేది. ఆ మూల ఎప్పుడూ వేళ్ల మరకలుండేవి. తుడవమని నేను పోరుతూనే ఉండేదాన్ని, తను రేపు రేపంటూనే ఉండేది.

వద్దనలేదు. తడిగుడ్డకు లొంగని వేలిముద్ర ఒకటి ఇంట్లో ఉంది కదా అనుకున్నాను. అది పక్క గదిలో, మా ఆయన నాణేల పెట్టెలో, ఒక పాత బ్రిటిష్ పెన్నీ మీద ఉంది.

మా ఆయన నీటి సరఫరా ఆఫీసులో నక్షలు గీసేవారు. జీతం కోసం గొట్టాలు గీశారు గానీ ప్రాణమంతా పాత బ్రిటిష్ నాణేల మీదే. వెండి షిల్లింగులు, ఫ్లోరిన్లు, అరక్రౌన్లు, పిల్లల అరచేతిని నింపేసేంత కంచు పెన్నీలు. వాటికొక చెక్కపెట్టె, పెట్టె నిండా సొరుగులు, సొరుగు నిండా గుండ్రటి గుంటలు. ప్రతి నాణెం కిందా దాని కొలతకు కత్తిరించిన కాగితం చీటీ ఉంటుంది. ఎవరి దగ్గర కొన్నారో, ఏ స్థితిలో ఉందో, ఏ లోపముందో అందులో రాసి ఉంటుంది. నాణెం చేతులు మారితే చీటీ కూడా వెంట వెళుతుంది. కొత్తగా కొన్నవాళ్లు తమ చీటీ రాసి పైన పెడతారు, పాతదాన్ని తీయరు. కొన్ని నాణేల కింద తాతల నాటి చేతిరాతలు కూడా ఉండేవి.

"పాత చీటీ పారేసేవాడు సేకరించేవాడు కాదు, దొంగ," అనేవారు ఆయన.

ఇంకో రెండు నియమాలున్నాయి. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. ఏ నాణేన్నీ తోమకూడదు. కాలం వేసిన రంగే దాని విలువ, తోమితే అది రేకు ముక్కతో సమానం. ఒకసారి వదిన ఒక షిల్లింగును చూసి, "ఇంత నల్లగా ఉందేంరా, ఇలా పడెయ్యి, గిన్నెలతో పాటు తోమేస్తాను," అంది. ఆయన పెట్టెకు తాళం వేసి, అక్క ఊరెళ్లేదాకా తాళంచెవిని స్నానానికి కూడా వెంట తీసుకెళ్లారు.

ఆయన కుడి బొటనవేలికి అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంటుంది. పెళ్లికి ముందు డబ్బా మూతను కత్తితో తెరవబోయి కోసుకున్నారట. ఆఫీసులో వేలు పెడితే హాజరు పడే మెషిన్ పెట్టాక అది ఆ వేలిని ఒప్పుకునేది కాదు. "పొద్దున్నే దాని ముందు నిలబడి నేను నేనేనని బతిమాలుకోవాలి," అని విసుక్కునేవారు. చివరికి ఎడమచేతి వేలితో సరిపెట్టారు.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా ఆయనకు ఆ పెన్నీ దొరికింది. పద్దెనిమిది వందల అరవై తొమ్మిదిలో అచ్చయింది. జుట్టు ముడి వేసుకున్న పడుచు మహారాణి బొమ్మ. ఆ ఏడాది పెన్నీలు అసలే అరుదు, దొరికినవి అరిగి నున్నబడి ఉంటాయి. ఇది మాత్రం అచ్చుయంత్రంలోంచి అప్పుడే జారిపడినట్టు, నిప్పు రంగులో ఉంది. ఇంటికి తెచ్చిన రోజు అన్నం కూడా పక్కన పెట్టి మాకు చూపించారు. అమ్మాయి గడ్డం బల్ల అంచుకు ఆనించి, చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. నాణేల దగ్గర అలాగే నిలబడాలని ఆయన నేర్పారు. ముట్టుకోవడానికి ఇంకా పెద్దదవ్వాలని షరతు. అక్షరాల మీద కాగితం కప్పి అడిగితే ఏది షిల్లింగో ఏది ఫ్లోరినో బొమ్మ చూసి చెప్పేసేది. మా ఇంట్లో ఆ చదువు ఆయనకూ తనకూ మధ్యే నడిచేది.

కొత్త కంచు మీద వేలి చెమట వెంటనే కనిపించదు. లోపల్లోపల తినుకుంటూ వచ్చి నెలల తర్వాత నల్లగా తేలుతుంది. అలాగే ఒకరోజు ఆయన సొరుగు లాగేసరికి మహారాణి చెంప మీద బొటనవేలి ముద్ర తేలి ఉంది.

నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేటప్పటికి అంతా అయిపోయింది. అమ్మాయి గోడకు ఆనుకుని, చేతులు ఇంకా వెనకే కట్టుకుని నిలబడి ఉంది. "నేను ముట్టుకోలేదమ్మా," అంది. ఆయన కేకలు వేసే మనిషి కాదు. "ఇంట్లో ఉండేది ముగ్గురం. మీ అమ్మ ఇటువైపు రాదు. నేను అంచులు తప్ప పట్టుకోను. ఇక ఎవరు మిగిలారో నువ్వే లెక్క చెప్పు," అన్నారట. రెండో తరగతి పిల్ల ఆ లెక్కకు ఏం జవాబు చెబుతుంది. ఆయన చీటీ మీద 'పాప ముట్టుకున్నది' అని రాసి నాణెం కింద పెట్టారు.

కొన్నాళ్లకు కోపం తగ్గి అది వేళాకోళమైంది. ఆయన తనను వేలిముద్ర అని పిలవడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చిన వాళ్లకు కథ చెప్పి నవ్వించేవారు. మా స్టాఫ్‌రూములో కూడా, "టీచరమ్మ కడుపున వేలిముద్ర పుట్టిందా," అని నవ్వుకున్నారు. మొదట్లో అమ్మాయి ప్రతిసారీ ముట్టుకోలేదని చెప్పేది. తర్వాత మానేసింది. కాలేజీకొచ్చేసరికి ఆ పేరు తనే పెట్టుకున్నట్టు, ఫోనెత్తి "వేలిముద్రను మాట్లాడుతున్నా, చెప్పండి నాన్నా," అనేది. ఆ గదిలోకి మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఆయనకు టీ తీసుకెళ్లినా గుమ్మం దగ్గర నిలబడే పిలిచేది.

అమ్మాయి ఆసుపత్రిలో ఇక లేచి కూర్చోలేని రోజుల్లో, ఆయన దాని మంచం పక్కన కూర్చుని, "నువ్వు ఇంటికి రా. పెట్టె మొత్తం నీకే," అన్నారు.

"నేను ముట్టుకుంటే పాడైపోతాయి కదా నాన్నా," అని నవ్వింది.

ఆయన టీ తాగొస్తానని లేచి వెళ్లారు. ఆ పూటకు మళ్లీ గదిలోకి రాలేదు. తట్టుకోలేక వెళ్లారనుకున్నాను.

అమ్మాయి పోయాక, పెట్టె అమ్మేస్తానని ఆయన చెప్పినప్పుడు నేను కాదనలేదు. ఇక ఎవరి కోసం దాస్తాననడంలో అబద్ధం లేదు. ఒక్కటే అడిగాను.

"ఆ పెన్నీ నాకు ఉంచండి."

"అది తీస్తే పెన్నీల వరస విరుగుతుంది," అన్నారు.

"విరగనివ్వండి."

"నీకు నాణేలెందుకు టీచర్?" ఆయన నన్ను అలాగే పిలుస్తారు. "కావాలంటే బంగారపు సావరిన్ ఉంది. అది తీసుకో."

"సావరిన్ మీద దాని వేలు లేదు."

ఆయన సొరుగు లోపలికి తోసి, "వేలం కంపెనీ నుంచి విలువ కట్టే ఆయన వస్తున్నాడు. అతన్ని అడుగుదాం. అది లేకుండా తీసుకుంటానంటే అప్పుడు చూద్దాం," అన్నారు. అన్ని నాణేల్లోనూ దాన్నే వదిలించుకోవాలని చూస్తున్నట్టు నాకెందుకో అనిపించింది. బిడ్డ గుర్తును చూడలేకపోతున్నారని సర్దిచెప్పుకున్నాను. అతను కాదన్నా సరే ఆ పెన్నీని గుమ్మం దాటనివ్వనని మనసులో గట్టిగా అనుకున్నాను.

విలువ కట్టే ఆయన చెప్పిన రోజుకే వచ్చాడు. బట్టతల, మెడలో దారానికి వేలాడే భూతద్దం, చేతిలో మడత దీపం. మా భోజనాల బల్ల మీద నల్లటి మెత్తగుడ్డ పరిచి దీపం వంచి పెట్టుకున్నాడు. వదిన టీ తెస్తే, "అమ్మా, అది ఆ కిటికీలో పెట్టండి. నేను అటు లేచి వెళ్లి తాగుతాను. ఇదివరకు ఒకసారి ఒకరి నాణెం మీది మహారాజు మీద టీ పోసి కాళ్లు మొక్కాల్సొచ్చింది," అన్నాడు.

"టీ చల్లారిపోతుంది బాబూ."

"చల్లారినా నా ఉద్యోగం ఉంటుంది కదమ్మా."

ఒక్కో నాణేన్ని అంచులతో ఎత్తి, దీపం కింద ఏటవాలుగా వంచి, అటూ ఇటూ తిప్పి, మెల్లగా దించుతున్నాడు. మహారాణి చెవి మీది జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తే ఒక ధర, కలిసిపోతే ఇంకో ధర. ఒక అరక్రౌన్ దగ్గర ఆగాడు.

"ఇది ఒకప్పుడు ఎవరి కోటుకో పిన్నుగా బతికింది సార్. అంచు మీద టంకం ఉండేది. గీకి దాచారు."

"చీటీ చూడండి," అన్నారు మా ఆయన.

అతను చీటీ తీసి చదివి నవ్వాడు. "రాసేశారే. ఇది మా ఆఫీసులో సగం మందికి కనపడదు. మీ కంట్లో పడకుండా ఈగ కూడా దాటదు సార్."

పెట్టె అమ్ముతున్న మనిషి ముఖంలో అప్పుడు కాస్త వెలుగొచ్చింది. తర్వాతి సొరుగు పెన్నీలది. ఆ వెలుగు పోయింది.

అరవై తొమ్మిది పెన్నీని ఎత్తి అతను పెదాలు బిగించి గాలి పీల్చాడు. "రంగు చూడండి. ఇలాంటిది చూసి ఎన్నాళ్లయింది." దీపం కింద వంచాడు. "అయ్యో. ఎవరు సార్, మహారాణి గారి చెంప మీద ఇంత చనువుగా చెయ్యి వేసింది?"

"మా అమ్మాయి," అన్నాను నేను. "ఆ నాణెం అమ్మకానికి కాదండీ. నాకు కావాలి."

అతను చీటీ చదివాడు. "పాప ముట్టుకున్నది. ఎంత పాప అమ్మా అప్పటికి?"

"రెండో తరగతి."

భూతద్దం కంటికి పెట్టుకుని మళ్లీ చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

"అయితే మీ పాప కాదమ్మా."

"ఏది కాదు?"

"ఈ వేలు. చిన్నపిల్లల వేలి గీతలు సన్నగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఇవేమో దున్నిన చాళ్లలా ఉన్నాయి. వెడల్పు చూడండి, ముక్కు దగ్గర మొదలై అంచు దాకా పోయింది. రెండో తరగతి పిల్ల బొటనవేలు దీంట్లో సగం ఉండదు. ఇది మగవాడి వేలు. పైగా కోసుకున్న వేలు, అడ్డంగా మచ్చ కూడా పడింది. మీకు అమ్మినవాడి చెయ్యి పట్టి చూడండి సార్, దొరికిపోతాడు." అతను సరదాగా నవ్వాడు. "పాపం, పిల్లను ఎన్ని తిట్లు తిట్టారో ఏమో. ఇప్పుడు ఎక్కడుంది, ఉద్యోగమా? ఈ ఆదివారం ఇంటికి పిలిచి సారీ చెప్పండి."

వదినే చెప్పింది.

"పిల్ల లేదు బాబూ. పోయింది."

అతను భూతద్దం దించాడు. నాణేన్ని కూడా మెత్తగుడ్డ మీదికి దించి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఒకసారి ఇటివ్వండి," అని నేను భూతద్దం అడిగి తీసుకున్నాను. ఎలా పట్టుకోవాలో తెలియక తడబడితే అతను దీపం సర్దాడు. మహారాణి చెంప మీద నల్లటి గీతలు వంపులు తిరిగి ఉన్నాయి. వాటి మధ్య అడ్డంగా ఒక సన్నటి చార నల్లబడలేదు. చర్మం ఆనని ఆ చోట నాణెం ఇంకా కొత్తగా, ఎర్రగా మెరుస్తోంది.

తల ఎత్తితే మా ఆయన కుడిచెయ్యి బల్ల మీద లేదు.

"డబ్బా మూత," అంది వదిన. ఆమెకు ఏ మాటా లోపల దాచుకోవడం రాదు. "అది నీ వేలే కదరా."

విలువ కట్టే ఆయన టీ గుర్తొచ్చినట్టు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఎలా పడింది?" అన్నాను.

"కొన్న రోజు బస్సులో," అన్నారు ఆయన. "ఇంటికొచ్చేదాకా ఆగలేక జేబులోంచి తీసి చూసుకున్నాను. బ్రేకు పడింది. జారిపోతుందేమోనని పట్టుకున్నాను. పట్టుకున్నట్టు గుర్తు కూడా లేదు నాకు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఇప్పుడే కదా అతను..."

"గీకేసిన టంకం కనిపెట్టిన కళ్లు మీవి."

ఆయన తల వంచుకున్నారు.

"కొత్త భూతద్దం కొన్నాక," అన్నారు. "అది మూడో తరగతిలోకి వచ్చింది అప్పటికి."

"దానికి చెప్పారా?"

"అప్పటికే నవ్వులాట అయిపోయింది టీచర్. అదీ నవ్వుతూనే పలికేది కదా. ఇప్పుడెందుకులే అనుకున్నాను. తర్వాత ఎప్పుడనుకున్నా అది 'ఇప్పుడెందుకులే' లాగే ఉండేది."

"ఆసుపత్రిలో?"

"చెబుదామనే వెళ్లాను. పెట్టె నీకే అని మొదలుపెట్టాను. అది ఆ మాట అంది. అన్నాక ఇంకేం చెప్పను?"

తరగతిలో పిల్లవాడు తప్పు ఒప్పుకుంటే ఏదో ఒకటి అనడం నాకు అలవాటు. కూర్చోమంటాను, లేదా మళ్లీ చేయకు అంటాను. రెండూ ఇక్కడ పనికి రాలేదు.

"ఇంకో చీటీ రాయండి," అన్నాను.

ఆయన సొరుగులోంచి కాగితం తీసి, నాణేన్ని నమూనాగా పెట్టి గుండ్రంగా గీసి, కత్తిరించారు. నక్షలు గీసిన చెయ్యి, అంచు ఎక్కడా వంకర పోలేదు. 'వేలిముద్ర నాది' అని రాశారు. కింద సంతకం చేశారు. తర్వాత పాత చీటీని వేళ్లతో పట్టుకుని నలపబోయారు.

"అది తీయకూడదు సార్," అన్నాడు విలువ కట్టే ఆయన కిటికీ దగ్గర నుంచే, నెమ్మదిగా. "మీకు తెలియంది కాదు. రెండూ నాణెంతోనే ఉండాలి."

మా ఆయన నా వైపు చూశారు. తీసేయమని నేనంటానని ఎదురుచూశారేమో. ఆ నియమం నేను పెట్టింది కాదు. ఆయనే పాత చీటీని సాపు చేసి కింద పెట్టి, కొత్తది దాని మీద పెట్టి, ఆ మీద నాణెం పెట్టారు. ఇక అది ఎవరింటికి పోయినా, వాళ్ల తర్వాత ఇంకెవరింటికి పోయినా, మా అమ్మాయి మీద వేసిన నింద దాని అడుగునే ఉంటుంది.

విలువ కట్టే ఆయన వచ్చి కూర్చున్నాడు. ఇంతకుముందటి గొంతు కాదు. "అమ్మా, ఇది మీరు ఉంచుకుంటానన్నారు. ఉంచుకోండి. మా వాళ్లకు నేను చెప్పుకుంటాను."

"వద్దండీ," అన్నాను. "వరస విరుగుతుంది."

వాళ్లు మిగతా సొరుగులు చూస్తుండగా నేను లేచి అమ్మాయి గదిలోకి వెళ్లాను. ఈ ఇంట్లో మా అమ్మాయి చెయ్యి తగలని వస్తువు లేదు. గోడలు తడిమింది, తలుపులు తన్నింది, నా పుస్తకాలన్నిటి మీదా నూనె చేతులు పెట్టింది. ముట్టుకోనివి ఆ నాణేలొక్కటే. నేను దాచుకోవాలనుకున్నది వాటిలో ఒకదాన్ని.

స్విచ్‌బోర్డు దగ్గర వంగి చూశాను. తెల్లగా ఉంది. బీరువా పిడి చూశాను. కిటికీ తలుపు ఒకటి మూసి, వెలుతురు పక్క నుంచి పడేలా చేసి, అతను నాణేన్ని చూసినట్టే నిలువుటద్దాన్ని ఏటవాలుగా చూశాను. ఎడమచేతి మూల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాను. నా ఊపిరి తగిలి అద్దం మసకబారింది. ఆ మసకలో ఏమైనా తేలుతుందేమోనని ఆగాను. మసక విడిపోయింది.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం వెతుకుతున్నావమ్మా? మరక ఏమైనా మిగిలిందా?"

"లేదు వదినా," అన్నాను. "బాగా తుడిచారు."